ముందు మైదానం, ఆ తర్వాతే బొమ్మ: మా సాస్కటూన్ ట్రిప్

కెనడాలో కాల్గరీ నుంచి సాస్కటూన్‌కి కార్లో వెళ్ళేవాళ్ళు ఎంత త్వరగా ఊరు చేరదామా అనే చూస్తారు, దారిలో ఏముంది, అంతా పొలాలేగా అంటారు. మేం జూలైలో వెళ్ళాం, నన్నడిగితే మొత్తం ట్రిప్‌లో తప్పక చూడాల్సింది ఆ పొలాలే. కిండర్స్లీ దగ్గర హైవే 7 వదిలేసి ఉత్తరానికి తిరిగితే కెరోబర్ట్ వస్తుంది. చిన్న ఊరు. ఆటో రోజర్స్ అనే చిత్రకారుడు 1935లో పుట్టింది అక్కడే, పెరిగింది పొలాల్లోనే.

ఆ రోడ్డు మీద కారు పక్కకి ఆపి దిగండి. మన ఆవ చేలకి దగ్గరి చుట్టమైన కనోలా పసుపు, దాని పక్కనే అవిసె పూల నీలం, చదరం చదరంగా కొలిచి పంచిన భూములు, ఎక్కడో దూరంగా నాలుగు చెట్ల గుంపు. అంతే. మిగతాదంతా ఆకాశమే, దానికీ నేలకీ మధ్య ఒక్క గీత. చూసేకొద్దీ మనసు ఎంత తేలికైపోయిందంటే మాలో ఎవరికీ మాట్లాడబుద్ధి కాలేదు.

మర్నాడు సాస్కటూన్‌లో రోజర్స్ గారి నైరూప్య (ఆబ్‌స్ట్రాక్ట్) చిత్రం ముందు నిలబడితే, ఆ గీత కనపడగానే ఒళ్ళు జలదరించింది. కింద నేల రంగు పొరలు పొరలుగా, కొన్నిచోట్ల గీకేసినట్టు, చెట్టు ఉండాల్సిన చోట ఒక ముదురు గుండ్రం, పైన అంతా వెలుతురు. పొలంగా చూస్తే పొలం, లేదంటే వట్టి రంగులూ ఆకారాలూ. ఆయన యవ్వనంలోనే బహాయీ మతంలోకి వెళ్ళారు. ఢిల్లీలో లోటస్ టెంపుల్ మనలో చాలామంది చూసే ఉంటారు, అది బహాయీల ప్రార్థనా మందిరమే. దేవుడు ఒక్కడే, మతాలన్నిటి మూలమూ ఒకటే, మనుషులంతా ఒకటే అన్నది వాళ్ళ నమ్మకం. సాస్కచెవాన్ యూనివర్సిటీలో దాదాపు ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, 1988లో అది వదిలేసి ఇజ్రాయెల్‌లో హైఫాలోని బహాయీ ప్రపంచ కేంద్రంలో పదేళ్ళు సేవ చేశారంటే ఆ నమ్మకం ఎంత గట్టిదో ఆలోచించండి. ఒకదానికొకటి పొంతన లేని ఆకారాలన్నీ ఆ ఒక్క గీత దగ్గర సర్దుకుని ఉండటంలో నాకు ఆ నమ్మకమే కనిపించింది. పొలాలు చూడకుండా నేరుగా గ్యాలరీకి వెళ్ళుంటే ఇది తట్టేది కాదు.

పెద్ద నగరాలకి ఇంత దూరాన నైరూప్య చిత్రకళ ఇలా వేళ్ళూనుకోవడం వెనక ఎమ్మా లేక్ వర్క్‌షాపులున్నాయి. సాస్కచెవాన్‌లోనే ఒక సరస్సు దగ్గర చిత్రకారుల కోసం పెట్టినవి అవి. 1959లో చిత్రకారుడు బార్నెట్ న్యూమన్, 1962లో విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ న్యూయార్క్ నుంచి అక్కడికి వచ్చారు.

ఇక గ్యాలరీల సంగతి. 2017లో నది ఒడ్డున తెరిచిన రెమై మోడర్న్ పెద్దది, పాత మెండెల్ గ్యాలరీ సేకరణ అంతా దానికే వచ్చింది, పికాసో లినోకట్‌లూ (లినోలియం పలక చెక్కి అచ్చు వేసే బొమ్మలు) ఉన్నాయి. యూనివర్సిటీలోని కెండర్‌డైన్ గ్యాలరీ చిన్నది, కానీ తీరిగ్గా చూడొచ్చు. రెండింట్లోనూ గోడల మీద బొమ్మలు మారుతుంటాయి కాబట్టి, మీకు కావాల్సిన చిత్రం ఉందో లేదో ముందే ఈమెయిల్ పెట్టి కనుక్కోండి.

బస విషయానికొస్తే, 1935 నాటి కోటలాంటి బెస్‌బరో హోటల్ నది పక్కనే ఉంది, రెమై మోడర్న్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు, కానీ ఖరీదెక్కువ. మేం డబ్బు మిగుల్తుందని ఊరి చివర ఒక మోటల్ తీసుకున్నాం. బుక్ చేసిన గది వేరు, ఇచ్చింది వేరు, రాత్రంతా ఏసీ మోత. అయినా మళ్ళీ వెళ్తే హోటల్‌కి కాక కారుకే డబ్బు పెడతాను. కారు లేకపోతే ఆ పల్లెలు చూడటం దాదాపు కుదరదు, రాష్ట్ర ప్రభుత్వ బస్సు సంస్థ ఎస్‌టీసీని 2017లోనే మూసేశారు. దారిలో శాకాహారం దొరకడం కష్టం, పులిహోర కట్టుకెళ్ళాం కాబట్టి సరిపోయింది. పెట్రోలు మాత్రం కిండర్స్లీలోనే నింపుకోండి.

ఒక్క పూట మిగిలితే ఊరి ఉత్తరాన ఉన్న వనస్కేవిన్‌కి వెళ్ళండి, 2019లో బైసన్లని (అమెరికా అడవిదున్నల్ని) మళ్ళీ తెచ్చి వదిలిన గడ్డిమైదానం అది. జూన్, జూలైల్లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు పోదు, కాబట్టి షాపింగ్ మానేసైనా సాయంత్రాలు బయటే గడపండి.