పికప్‌కి ఆల్ టెర్రైన్ టైర్లు: స్టాండర్డ్ లోడా, ఎల్‌టీనా?

అమెరికాలో పికప్‌కి ఆల్ టెర్రైన్ టైర్లు కొనబోతే ఒకే మోడల్, ఒకే 265/70 ఆర్17 సైజులో రెండు రకాలు దొరుకుతాయి: మామూలు బరువుకి స్టాండర్డ్ లోడ్, ఎక్కువ బరువుకి ఎల్‌టీ (లైట్ ట్రక్) లోడ్ రేంజ్ ఈ. ఈ అనేది టైరు ఎంత బరువుకి తట్టుకుంటుందో చెప్పే స్థాయి. తేడా సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీది అంకెల్లో ఉంటుంది.

స్టాండర్డ్‌కి సాధారణంగా లోడ్ ఇండెక్స్ (మోయగల బరువు సూచిక) 115, అంటే టైరుకి 1215 కిలోలు. ఎల్‌టీకి 121, అంటే 1450 కిలోలు; అదీ 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఉంటేనే. చాలామంది పొరబడేది ఇక్కడే. బండి డోర్ దగ్గరి స్టిక్కర్ మీద గాలి 32 పీఎస్‌ఐ అని ఉందని ఎల్‌టీలోనూ 32 కొట్టిస్తారు. ఆ గాలికి అది పాత స్టాండర్డ్ టైరు మోసినంత బరువు మోయలేదు. సైడ్‌వాల్ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది, ట్రెడ్ (రోడ్డుకి ఆనే భాగం) అంచులు ముందే అరుగుతాయి. టైరు కంపెనీ లోడ్ పట్టిక చూసి గాలి పెంచాలి. అలాగని ఖాళీ బండికి 80 కొట్టిస్తే మీ నడుము పని అయిపోయినట్టే, ట్రెడ్ కూడా మధ్యలో అరిగిపోతుంది.

ఎల్‌టీ బరువెక్కువ, మైలేజీ కొంత తగ్గుతుంది. పదునైన రాళ్ల దారులు, తరచూ బరువైన ట్రైలర్ ఉంటే అదే సరి. ఆఫీసు, హైవే, ఎప్పుడో ఓసారి మట్టిరోడ్డు అయితే స్టాండర్డే తీసుకోండి. మంచు పడే ఊళ్లో ఏది కొన్నా మూడు శిఖరాల కొండలో మంచురేకు గుర్తు చూడండి; ఒట్టి ఎం+ఎస్ (బురద, మంచు) గుర్తు చాలదు.