కేజీహెచ్ డౌన్ దగ్గరి కల్చర్ ల్యాబు: చీము పరీక్ష ఇంత శ్రద్ధగా చేసేవాళ్ళున్నారు

నేను ఇళ్ళకు వెళ్ళి డ్రెస్సింగులు చేసే నర్సును. షుగరు పుళ్ళు, బెడ్ సోర్లు, మానని ఆపరేషన్ కుట్లు, యూరిన్ ట్యూబులు, ఇవే నా పని. పెదజాలరిపేట నుంచి మర్రిపాలెం దాకా నా పేషెంట్లున్నారు. వాళ్ళ చీము, మూత్రం చాలాసార్లు నేనే ల్యాబుకు పట్టుకెళ్తాను కాబట్టి విశాఖలో కల్చర్ (శాంపిల్‌లోని క్రిమిని పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేసే కౌంటర్లు నాకు బాగా తెలుసు. వాటిలో ఒకదాని గురించి రాయాలనిపించింది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్ దగ్గర మందుల షాపుల వరుస వెనక సందులో, మేడ మీద ఉన్న చిన్న మైక్రోబయాలజీ ల్యాబు అది. పేరు వేయొద్దని అక్కడి డాక్టర్ మేడం అన్నారు, అందుకే వేయడం లేదు. మీరు ఏ ల్యాబుకు వెళ్ళినా ఇక్కడ నేను చెప్పేవి అడిగి చేయించుకోవచ్చు.

ముందు కౌంటర్ సంగతి. చాలాచోట్ల పేరు, వయసు, డబ్బులు, అంతే. ఇక్కడి అబ్బాయి పుండు ఎక్కడుంది, ఎన్నాళ్ళ నుంచి, షుగరుందా అని అడుగుతాడు. ఆ తర్వాత తప్పకుండా అడిగేది ఇప్పటికే ఏ యాంటీబయాటిక్ వాడారని. మన ఇళ్ళల్లో పాత చీటీ చూపించి మందుల షాపులో నాలుగు మాత్రలు తెచ్చి వేసేయడం మామూలే కదా. ఆ మందు ఒంట్లో ఉండగా తీసిన శాంపిల్‌లో అసలు క్రిమి పెరగకపోవచ్చు, రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం పెద్ద యాంటీబయాటిక్కులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, షాపువాళ్ళు రిజిస్టరులో రాసుకోవాలి. రిజిస్టరు రాసే షాపులు నాకు తెలుసు, రాయనివీ తెలుసు.

ఈ ల్యాబు మీద నాకు గురి కుదిరింది వాళ్ళొక శాంపిల్‌ని వెనక్కి పంపినప్పుడు. మర్రిపాలెంలో యూరిన్ ట్యూబు మీదున్న ఒక మామ్మగారి కొడుకు సంచిలోంచి మూత్రం పట్టి తెచ్చాడు. సంచిలో గంటల తరబడి నిలవున్న మూత్రంలో క్రిములు వాటంతటవే పెరిగిపోతాయి, దాన్ని పరీక్షించి రిపోర్టిస్తే మామ్మగారిని మోసం చేసినట్టే అన్నారు. పాత ట్యూబు తీసి కొత్తది వేయించి, దానిలోంచి శుభ్రంగా పట్టి, రెండు గంటల్లోపు తెమ్మన్నారు. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. డబ్బులు తీసుకోలేదు. తర్వాత వచ్చిన రిపోర్టులో ఈ.కోలై పెరిగిందని రాసి, కింద ఒక వాక్యం చేర్చారు: జ్వరం, వణుకు వంటివేవీ లేనప్పుడు ట్యూబు ఉన్నవారి మూత్రంలో క్రిమి కనిపించినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరం ఉండకపోవచ్చు, చికిత్స చేసే డాక్టరుతో మాట్లాడండి అని. మామ్మగారికి ఏ బాధా లేదు. డాక్టరుగారు చూసి మందు వద్దన్నారు. మందు వేయించుకోవద్దని చెప్పే ల్యాబు రిపోర్టు నా సర్వీసులో నేను ఎక్కువగా చూడలేదు.

పుండు విషయంలోనూ అంతే పట్టుదల. పైన తేలిన చీమును దూదిపుల్లతో తుడిచి తెస్తే ఒప్పుకోరు. చర్మం మీద ఉండేవి, గుడ్డకు అంటినవి అన్నీ దానిలో పెరుగుతాయి. పుండును సెలైన్‌తో కడిగి, పైనున్న చచ్చిన కండ తీసేశాక లోపలి ముక్క గానీ లోతులోని చీము గానీ కావాలంటారు. ముక్క తీయడం డాక్టరు పని. కడిగి సిద్ధం చేయడం నా పని.

పెదజాలరిపేటలో ఒక పెద్దాయన ఉన్నారు, జీవితమంతా చేపల వేటకెళ్ళిన మనిషి. షుగరు వల్ల కాలికి స్పర్శ పోయి, అరికాలిలో ఏదో గుచ్చుకున్నా తెలియక పుండు పెద్దదైంది. ఇంట్లోవాళ్ళు ముందు వేరే ల్యాబులో చేయించిన రిపోర్టు నాకు చూపించారు. స్టెఫిలోకాకస్ అని ఒక క్రిమి పేరు, కింద పొడుగాటి మందుల పట్టిక, చాలావాటి పక్కన ‘ఎస్’, అంటే పనిచేస్తుందని. క్లిండామైసిన్ పక్కన కూడా ‘ఎస్’. ఆ మందు వాడినా చీము తగ్గలేదు. కట్టు విప్పితే గుడ్డకు పచ్చటి మరక, ముగ్గిన ద్రాక్షపళ్ళ లాంటి వాసన. ఆ రంగు, ఆ వాసన చూస్తే సూడోమోనాస్ అనే క్రిమి ఉందేమోనని ఏ డ్రెస్సింగు నర్సుకైనా అనుమానం వస్తుంది. సర్జన్ గారు లోపలి ముక్క తీసిచ్చారు, నేను ఈ ల్యాబుకు తెచ్చాను.

మూడోరోజు మేడం నాకు ఫోన్ చేసి, వీలైతే వచ్చి ప్లేటు చూసి వెళ్ళమన్నారు. ఎందుకు పిలిచారో వెళ్ళాక అర్థమైంది. క్రిమిని పలచగా పూసిన ప్లేటు మీద మందుల బిళ్ళలు పెట్టి రాత్రంతా 35 డిగ్రీల దగ్గర ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి చోటు మిగులుతుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలిచి పట్టికతో పోలుస్తారు. పద్ధతి పాతదే, 1966లో కిర్బీ, బాయర్ల పేరుమీద స్థిరపడింది. స్టెఫిలోకాకస్ ప్లేటులో ఎరిత్రోమైసిన్ బిళ్ళ పక్కనే క్లిండామైసిన్ బిళ్ళ పెట్టారు. క్లిండామైసిన్ చుట్టూ గుండ్రంగా రావాల్సిన చోటు ఎరిత్రోమైసిన్ వైపు తెగిపోయి ఇంగ్లీషు ‘డి’ అక్షరంలా ఉంది. అంటే ఈ క్రిమికి క్లిండామైసిన్‌ను తట్టుకునే శక్తి లోపల ఉంది, కానీ నిద్రలో ఉంది, ఎరిత్రోమైసిన్ తగలగానే మేల్కొంటుంది. బిళ్ళలు దూరదూరంగా పెడితే ఈ సంగతి బయటపడదు, ‘ఎస్’ అని అచ్చవుతుంది. దీన్ని డి-టెస్ట్ అంటారు. స్టెఫిలోకాకస్ వచ్చిన ప్రతి రిపోర్టులో డి-టెస్ట్ చేశారా అని అడగండి. అదనంగా వాళ్ళకు పోయేదేమీ లేదు, రెండు బిళ్ళలు దగ్గరగా పెట్టాలి, అంతే.

రెండో ప్లేటులో సూడోమోనాస్. ఇక్కడే మేడం చెప్పిన మాట నా పనినే మార్చింది. ల్యాబులో రెండు క్రిముల్నీ విడదీసి దేనికది పరీక్ష చేస్తారు. కానీ పుండులో అవి కలిసే ఉంటాయి, ఒకదాన్నొకటి ఊరికే ఉండనివ్వవు. సూడోమోనాస్ హెచ్‌క్యూఎన్ఓ అనే పదార్థాన్ని వదులుతుంది. అది స్టెఫిలోకాకస్ ఊపిరి తీసుకునే వ్యవస్థను అడ్డుకుంటుంది. స్టెఫిలోకాకస్ చావదు, మెల్లగా, చిన్నచిన్న చుక్కలుగా పెరగడానికి అలవాటుపడుతుంది. జెంటామైసిన్, టోబ్రామైసిన్ లాంటి మందులు కణం లోపలికి వెళ్ళాలంటే ఆ ఊపిరి నుంచి వచ్చే శక్తే కావాలి. అది లేనందున మందు లోపలికి సరిగా పోదు. శత్రువు కొట్టిన దెబ్బే దీనికి రక్ష అయింది! విడిగా పెంచిన ప్లేటులో జెంటామైసిన్‌కు ‘ఎస్’ రావచ్చు, పుండులో అదే మందు ఓడిపోవచ్చు. అందుకే మేడం ప్లేటును ఇంకో రోజు ఉంచి ఆ చిన్న చుక్కల కోసం వెతికారు, దొరికాయి. రిపోర్టు కింద ఈ విషయం రాసి, స్టెఫిలోకాకస్ కోసం ఈ తరగతి మందు ఒక్కదాని మీదే ఆధారపడవద్దని సూచించారు. సర్జన్ గారు ఆ నోట్ చదివి మందులు మార్చారు. ఏ మందు అన్నది ఆయన నిర్ణయం, దాన్నిక్కడ రాయను, ఎవరికి వాళ్ళు చూసుకోవాల్సిన విషయం అది.

మందుతో పాటు పుండు గీకి శుభ్రం చేయడం ఎందుకో కూడా మేడమే ఇంటివాళ్ళకు ఫోన్‌లో చెప్పారు. ఇవి జిగురులాంటి పొర కట్టుకుని దానిలో గుంపుగా బతుకుతాయి, బయోఫిల్మ్ అంటారు, దాని అడుగున ఉన్నవాటిని మందు సరిగా చేరదు, చేరినా అవి మందకొడిగా ఉంటాయి కాబట్టి త్వరగా చావవు అన్నారు. పెద్దాయన స్పీకరులో విని, “అయితే బోటు అడుక్కి గుల్ల పట్టేసినట్టన్నమాట. గీకకుండా రంగేస్తే నిలుస్తాదేటి?” అన్నారు. ఆ తర్వాత డ్రెస్సింగుకు ఆయన ఎప్పుడూ కాలు వెనక్కి లాగలేదు. పుండు పూర్తిగా మానలేదు గానీ అంచుల్లో కొత్త ఎర్ర కండ వస్తోంది, పచ్చ మరక పోయింది.

ఇంకో సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆ ప్లేటు మీద ‘టీఈ’ అని అచ్చేసిన బిళ్ళ ఉంటుంది, టెట్రాసైక్లిన్. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో లెడర్లీ కంపెనీలో బెంజమిన్ డగ్గర్ దాన్ని బయటపెట్టారు, అక్కడి పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అది ఎక్కడి నుంచి వచ్చింది? మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి. క్రిములు మట్టిలో ఒకదాన్నొకటి అణచడానికి చేసుకున్న వస్తువుల్నే మనం చాలావరకు మందులుగా తెచ్చుకున్నాం. తట్టుకునే విద్య కూడా వాటికి మనకన్నా ముందు నుంచే ఉంది. ఆ విద్య ఉన్న జన్యువుల్ని ప్లాస్మిడ్ అనే చిన్న చుట్టలో పెట్టి పక్కదానికి అందిస్తాయి. ఈ.కోలై నుంచి క్లెబ్సియెల్లా అనే ఇంకో క్రిమికి, జాతి వేరైనా సరే. ఆ క్రిములు చేతుల మీదుగా వెళ్తే ఒక వార్డులో ఒకరికి వచ్చింది పదిమందికి పాకుతుంది. అందుకే చేతులు కడుక్కోమని నేను ఇంటింటా గోల పెడతాను.

మేడం గదిలో కూర్చుంటే కొత్త దారుల గురించి కూడా చెబుతారు, అడగాలి అంతే. సెఫలోస్పోరిన్ మందుల్ని కోసేసే ఈఎస్‌బీఎల్ ఎంజైముకు అడ్డుపడే ఎన్‌మెటాజోబాక్టమ్‌ను చెన్నైలోని ఆర్కిడ్ ఫార్మా కనిపెట్టింది. సెఫిపైమ్ అనే సెఫలోస్పోరిన్‌తో కలిపిన ఆ మందుకు 2024 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి వచ్చింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఫేజ్‌ల కథ. ఫేజ్ అంటే బ్యాక్టీరియాను మాత్రమే తినే వైరస్. 1896లోనే హాంకిన్ అనే ఆయన గంగ, యమున నీళ్ళల్లో కలరా క్రిమిని చంపేదేదో ఉందని రాశారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు కనెక్టికట్‌లోని డాడ్జ్ పాండ్ అనే చెరువు నీటిలో ఒక ఫేజ్‌ను పట్టుకుని 2016లో దాని గురించి రాశారు. సూడోమోనాస్‌కు లోపలికి వచ్చిన మందును బయటికి తోడిపారేసే పంపు ఒకటి ఉంటుంది. ఈ ఫేజ్ ఆ పంపునే పట్టుకుని లోపలికి దూరుతుంది. ఇప్పుడు సూడోమోనాస్ ఏం చేయాలి? పంపు ఉంచుకుంటే ఫేజ్ చంపుతుంది. పంపును వదులుకుంటే పాత యాంటీబయాటిక్ మళ్ళీ పనిచేస్తుంది. తప్పించుకోవడానికి అది చేసే ప్రయత్నమే మనకు లాభం. ఈ ఆలోచన విన్నప్పుడు నిజంగా ఒళ్ళు పులకరించింది. మన దగ్గర ఇది మామూలు ఆసుపత్రిలో దొరికే చికిత్స కాదు. పేషెంట్లకు ఆశ పెట్టి ఎక్కడికో పంపొద్దని మేడం నాతో గట్టిగా చెప్పారు.

ఇక లోపాలు. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి, నడవలేని పేషెంటును తీసుకెళ్ళకండి, శాంపిల్ మాత్రమే పంపండి. గాలి తగలకుండా పెంచాల్సిన ఎనరోబిక్ క్రిముల పరీక్ష అక్కడ చేయరు. కుళ్ళు వాసన వచ్చే లోతు పుళ్ళకు అది ముఖ్యం కాబట్టి ముందే అడిగి వేరే చోట ఏర్పాటు చేసుకోవాలి. క్రిమిని నిమిషాల్లో గుర్తుపట్టే మాల్డి-టాఫ్ యంత్రం లేదు, పేరు తేలడానికే ఒక రోజు పడుతుంది, మొత్తం రిపోర్టుకు మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు. పెద్ద ల్యాబులవాళ్ళు ఫోన్‌లోకి పంపినట్టు వీళ్ళు పంపరు, కాగితం వెళ్ళి తెచ్చుకోవాలి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ విలువైన నోట్లు ఇంగ్లీషులో మాత్రమే ఉండడం. జాలరిపేటలో దాన్ని ఎవరు చదువుతారు? రెండు వాక్యాలు తెలుగులో కూడా రాయమని అడిగాను, చూస్తామన్నారు.

చీము కల్చర్‌కు 800 రూపాయలు తీసుకుంటారు. అంతకన్నా తక్కువకు చేసేవాళ్ళున్నారు. ఫోన్ చేసి ప్లేటు చూపించేవాళ్ళు మాత్రం నాకు ఇంకొకరు తగల్లేదు. ఆదివారం మూసేస్తారు. శనివారం సాయంత్రం ఇచ్చిన శాంపిల్ సోమవారం దాకా ఎవరూ చూడరు కాబట్టి, తొందరలేని పరీక్షైతే సోమవారం పొద్దున్నే కౌంటర్ తెరిచేసరికి ఇవ్వండి. వాడిన మందుల చీటీలన్నీ శాంపిల్‌తో పాటు కవర్లో పెట్టి పంపండి.