ది సిమ్స్ 4 మాడ్స్ ఫోల్డర్: చాలాకాలం వాడాక

మనుషుల జీవితాన్ని అనుకరించే కంప్యూటర్ ఆట ది సిమ్స్ 4కు విడిగా కొనే అదనపు ప్యాక్‌ల గురించి, వాటి ధరల గురించి చాలామంది రాశారు కనుక ఆ జోలికి వెళ్లను. కస్టమ్ కంటెంట్ (అభిమానులు తయారుచేసే బట్టలు, సామాను) లేకుండా దీన్ని ఆడడం ఏనాడో మానేసిన నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చినది డాక్యుమెంట్స్‌లో కనిపించే మాడ్స్ (ఆటను మార్చే, కొత్తవి చేర్చే ఫైళ్లు) అనే మామూలు ఫోల్డర్. ఫైలు అందులో వేస్తే ఆటలోకి వస్తుంది, తీస్తే పోతుంది, ఆట అసలు ఫైళ్లు చెక్కుచెదరవు. 2021లో ముంబయి ప్రేరణతో ఫ్యాషన్ స్ట్రీట్ కిట్ అనే చిన్న ప్యాక్ వచ్చినా, నాకు కావలసిన పట్టుచీరలకు, గడప ముగ్గులకు, స్టీలు బిందెలకు అభిమానులు తయారుచేసే ఫైళ్లే దిక్కు.

అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆట మాడ్లను తనంతట తానే ఆపేస్తుంది. సెట్టింగుల్లో వాటిని మళ్లీ అనుమతించి, స్క్రిప్ట్ మాడ్లకు (ప్రోగ్రాం కోడ్ ఉన్నవాటికి) విడిగా టిక్ పెట్టి, ఆటను మూసి తెరవాలి. దీన్ని విసుక్కునేవారు ఉన్నారు గానీ, పాతబడిన మాడ్ సేవ్‌ను (భద్రపరచిన ఆటను) పాడుచేయడం కన్నా ఇదే నయం.

ఈ ఫోల్డర్ విలువ నాకు పులిహోర వల్ల తెలిసింది. వంటకాలు చేర్చే మాడ్ ఒకటి చాలాకాలంగా సవ్యంగా పనిచేస్తుండగా, ఒకనాడు పొయ్యి మెనూలో పులిహోరతో సహా దాని వంటకాలన్నీ మాయమయ్యాయి. ఇలాంటప్పుడు అందరూ చెప్పే ఉపాయం సగం ఫైళ్లను బయట పెట్టి పరీక్షించి, తప్పున్న సగాన్ని మళ్లీ రెండుగా చేయడం. వెయ్యి ఫైళ్లున్నా పది విడతల్లో దోషి దొరకాలి. అయితే వంటకాల మాడ్ లేని సగంలో పులిహోర ఎలాగూ కనిపించదు కనుక ఆ ఫలితానికి అర్థమే లేదు. అందుకని ఆ మాడ్‌కు చెందిన ప్యాకేజ్, స్క్రిప్ట్ ఫైళ్లు రెండింటినీ కదపకుండా ఉంచి, మిగిలినవాటినే సగాలుగా విడదీశాను. ప్రతి విడతకూ ముందు, ఆట తాత్కాలికంగా దాచుకునే లోకల్‌థంబ్‌క్యాష్ ఫైలును తొలగించాను. ఆట దాన్ని మళ్లీ తయారుచేసుకుంటుంది కనుక నష్టమేమీ లేదు. చివరికి పట్టుబడినది వంట సమయాన్ని తగ్గించే ఒక చిన్న ఫైలు. విడిగా చూస్తే అందులో ఏ లోపమూ లేదు, కాకపోతే వంటకాల మాడ్ మార్చే పొయ్యి వివరాలనే అదీ మారుస్తోంది. రెండు మాడ్లు ఒకే చోట చెయ్యి పెడితే ఒకదాని మాటే చెల్లుతుంది. ఆ రాత్రి పులిహోర మెనూలోకి తిరిగి వచ్చినప్పుడు కలిగిన సంతోషం ఏ కొత్త ప్యాక్ కొన్నప్పుడూ కలగలేదు.

ఫైలు తీస్తే పోతుందని పైన అన్న మాట చీరల విషయంలో మరీ అంత సులువు కాదు. ఫైలు లేనప్పుడు ఆట పాత్రలకు వేరే బట్టలు తొడుగుతుంది, ఇంట్లోని కస్టమ్ సామాను మాయమవుతుంది. ఆ స్థితిలో సేవ్ చేస్తే ఫైళ్లు తిరిగి పెట్టినా అలంకరణ తిరిగిరాదు. కాబట్టి సేవ్స్ ఫోల్డర్‌కు నకలు తీసుకుని, పరీక్షలన్నీ కొత్త సేవ్‌లో చేసి, ఏదీ భద్రపరచకుండా బయటికి రావాలి. మరొక చిక్కు, స్క్రిప్ట్ ఫైలు ఒక ఉపఫోల్డరును మించి లోపల ఉంటే ఆట దాన్ని చదవదు. సర్దుకునే ఉత్సాహంలో ఫోల్డర్లలో ఫోల్డర్లు పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి.

నాది సికింద్రాబాద్‌లోని చినోయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్. హార్డ్ డిస్క్ ఉన్న రోజుల్లో ఒక్కొక్క విడతకూ లోడింగ్ తెర ముందు చాలాసేపు కూర్చోవలసి వచ్చేది, వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయించాకే ఈ పద్ధతి భరించదగినదైంది. ఆట త్వరగా తెరుచుకోవాలని వందల ఫైళ్లను ఒకే ప్యాకేజ్‌గా కలిపేసుకున్నవారికి సగాల పద్ధతి పనిచేయాలంటే ముందు వాటిని విడదీయాలి, అది వేరే శ్రమ. చీరలు, బిందెలు కలిపి కొన్ని పదుల ఫైళ్లే పెట్టుకుని, రాత్రి కాస్త తీరిక దొరికే నాలాంటివారికైతే ఈ ఫోల్డర్ చాలు.