మార్కెట్‌ప్లేస్‌లో అమ్మాలా, సొంత సైట్ పెట్టుకోవాలా: వైకల్యం ఉన్నవారికి ఏది మేలు?

కమిషన్ ఎంత, ఖర్చెంత అన్న లెక్క అందరూ వేసేదే. వైకల్యం ఉన్నవారు ముందుగా చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఒళ్లు సహకరించని రోజున గడువు ఎవరి చేతిలో ఉంటుంది?

మార్కెట్‌ప్లేస్‌లో, అంటే అమెజాన్ లాంటి చాలామంది అమ్మే వేదికలో, కొనేవాళ్లు సిద్ధంగా ఉంటారు, డబ్బు వసూలు చేసే పని కూడా ఆ వేదికదే. గడువు మాత్రం మీ చేతిలో ఉండదు. అమెజాన్‌లో సరుకు స్వయంగా పంపేవారి ఆలస్యాలు 4 శాతం లోపే ఉండాలి. 50 ఆర్డర్లలో మూడు ఆలస్యమైతే 6 శాతం అయిపోతుంది. నొప్పి, నీరసం చెప్పకుండా వచ్చేవారు సరుకును ముందే ఆ వేదిక గోదాముకు పంపి, ప్యాకింగ్ దానికే వదిలేయడం మంచిది. ఆ ఫీజు దండగ కాదు. సెలవు మోడ్‌ను నమ్ముకోవద్దు. అది కొత్త ఆర్డర్లను ఆపుతుందే గానీ, అప్పటికే వచ్చినవి పంపాల్సిందే.

సొంత సైట్‌లో గడువు మీరే రాసుకోవచ్చు: "పది రోజుల్లో పంపుతాం" అన్నా అడిగేవారు లేరు. ఇక్కడ చిక్కంతా లోపలి పేజీలతో. అందరికీ అనువైనదని చెప్పి అమ్మే థీమ్ (సైట్ రూపం), కొనేవాళ్లకు కనిపించే దుకాణాన్నే మారుస్తుంది. రోజూ మీరు పనిచేసే పేజీలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. అందుకే డబ్బు కట్టకముందే ట్రయల్ ఖాతా తెరిచి, మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ లాంటి కీబోర్డు కీలతోనే మూడు పనులు చేసి చూడండి: ఫోటోతో వస్తువు చేర్చడం, ధర మార్చడం, డబ్బు వాపసు ఇవ్వడం. చూపు లేనివారు తెర మీద ఉన్నది చదివి వినిపించే, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తో ఇదే పరీక్ష చేయాలి. ప్రతి బటన్‌నూ పేరు లేకుండా "బటన్" అని చదివినా, ఫోటోల వరుస లాగి వదిలితే తప్ప మారకపోయినా, ఆ వేదిక వద్దు. ప్లగిన్ (సైట్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) అప్‌డేట్‌తోనూ బటన్ల పేర్లు పోవచ్చు. ముందు నకలు సైట్‌లో పెట్టి చూడండి.

లాగిన్ బాధ రెండు చోట్లా ఉంటుంది. ఆథెంటికేటర్ యాప్ చూపించే లాగిన్ కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. విని టైప్ చేసేలోపు చెల్లకుండా పోవచ్చు. పాస్‌కీ (కోడ్ లేకుండా వేలిముద్ర, ముఖం లేదా పిన్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) ఉంటే అదే పెట్టుకోండి.

కొత్త సరుకుకు గోదాముతో కూడిన మార్కెట్‌ప్లేసే మేలు. అడిగినట్టు చేసిచ్చే వస్తువులకు, మళ్లీ మళ్లీ కొనేవాళ్లు ఉన్నవారికి సొంత సైట్. రెండూ నడిపితే సరుకు విడదీయండి: 20 ఉంటే అక్కడ 12, ఇక్కడ 8. రెండు చోట్లా 20 చూపిస్తే లేనిది అమ్ముడుపోతుంది. మార్కెట్‌ప్లేస్‌లో ఆ ఆర్డర్ రద్దు చేసినా మీ ఖాతాకు మచ్చే.