మానిటర్ చెడిపోతే ఏది మేలు: ఇంటి మరమ్మతా, దుకాణమా, మరొకటి కొనడమా?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మానిటర్ చెడిపోయినవారి ముందు మూడు దారులుంటాయి: ఇంట్లో విప్పి బాగుచేసుకోవడం, పట్టణంలోని రిపేరు దుకాణానికి ఇవ్వడం, కొత్తదో పాతదో మరొకటి కొనడం. ఏ భాగం చెడిందో తెలియకముందే ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవడం వల్లనే డబ్బు వృథా అవుతుంది.

లోపం ఎక్కడుందో చాలావరకు స్క్రూ విప్పకుండానే తేలుతుంది. ముందుగా పవర్ తీగను, వీడియో కేబుల్‌ను మార్చి, ఆపై మానిటర్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. పవర్ లైటు వెలుగుతున్నా తెర నల్లగానే ఉంటే, గదిని చీకటి చేసి తెరపైకి టార్చి ఏటవాలుగా వేయాలి. బొమ్మ మసకగా కనబడితే ప్యానెల్, అంటే బొమ్మను చూపే తెర పలక, పనిచేస్తున్నట్టే, వెనుక దీపాలో వాటికి కరెంటు అందించే భాగమో పోయినట్టు. గాజు పగిలినా, సిరా ఒలికినట్టు నల్లమచ్చ పరుచుకున్నా మరమ్మతు ఆలోచన మానుకోవడం మంచిది, ఎందుకంటే మానిటర్ ఖరీదులో ఎక్కువ భాగం ప్యానెల్‌దే. కేబుల్ మార్చినా పోని నిలువు గీతలు కూడా చాలాసార్లు ఈ కోవలోకే వస్తాయి.

ఇంటి మరమ్మతుకు అసలైన లాభం పవర్ లోపాల్లో ఉంది. బయట అడాప్టర్ ఉండే మోడళ్లలో పాత అడాప్టర్ మీద రాసిన వోల్టులే ఉన్నదాన్ని, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉన్నదాన్ని, పిన్నుకూ ధ్రువాలకూ సరిపోయేదాన్ని తెచ్చి పెడితే పని అయిపోతుంది. ఇంత మాత్రానికి దుకాణంలో కూలి ఇవ్వడం దండుగ.

కరెంటు అందించే పవర్ బోర్డు లోపలే ఉంటే దానిమీది కెపాసిటర్లను, అంటే కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలను, చూడాలి. మంచి కెపాసిటర్ తల చదునుగా ఉంటుంది. చెడినదాని తల ఉబ్బి, గాటు వెంట గోధుమరంగు పొక్కు కడుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క; ఎండకాలంలో మన వైపు రేకుల గదుల్లో నడిచే మానిటర్లకు ఈ జబ్బు ఎందుకు వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కొత్తది అదే మైక్రోఫారడ్ విలువతో (నిల్వ సామర్థ్యంతో), అంతే లేదా ఎక్కువ వోల్టులతో, 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకంగా ఉండాలి. ఒంటిమీది పట్టీ ఉన్న వైపు ఋణ ధ్రువమని గుర్తుంచుకొని బిగించాలి. సామాను ఖర్చు స్వల్పమే.

అయితే ప్రమాదం స్వల్పం కాదు. 230 వోల్టుల కరెంటు ఈ బోర్డులో సుమారు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో నిలుస్తుంది, ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొంతసేపు అక్కడే ఉండవచ్చు. కాబట్టి వోల్టులు చూపే మల్టీమీటర్‌తో కొలిచి, అది ఖాళీ అయిందని నిర్ధారించుకోకుండా బోర్డును ముట్టుకోకూడదు. మీటరు పట్టడం రానివారు, సోల్డరింగ్‌ను ఇంతకుముందెన్నడూ చేయనివారు దీన్ని మొదటి పాఠంగా ఎంచుకోకపోవడమే క్షేమం.

అలాంటివారికి దుకాణమే మేలు. కాకపోతే దొరకని విడిభాగాన్ని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో కోఠి గుజరాతీ గల్లీ నుంచో తెప్పించాల్సి వస్తే ఆలస్యం తప్పదు. ఒక్క కెపాసిటర్ పోయినదానికి బోర్డు మొత్తం మార్చాలనేవారూ ఉంటారు కనుక, పని మొదలుపెట్టకముందే ఖర్చు అడిగి, తీసేసిన భాగాన్ని తిరిగి ఇవ్వాలని చెప్పడం అవసరం. ఆ ఖర్చు అదే సైజు పాత మానిటర్ ధరలో సగం దాటితే, నేనైతే మరమ్మతుకు ఒప్పుకోను.

ఆఫీసుల నుంచి వచ్చే పాత మానిటర్లను కొనేటప్పుడు కనీసం అరగంట వెలిగించి, తెరను ఒకసారి పూర్తిగా తెల్లగా, మరోసారి పూర్తిగా నల్లగా చేసి మచ్చలు చూసుకోవాలి. ఎల్ఈడీలకు ముందు కాలపు ట్యూబు దీపాల మానిటర్ ఎంత చౌకగా వచ్చినా వద్దు. ఆ దీపాల్లో పాదరసం ఉంటుంది, ఇంట్లో అలాంటిది పాడై పడి ఉంటే పగలగొట్టకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి.