ఆరేళ్లు వాడాక చెబుతున్నాను: రేడియో స్టూడియోలో చౌక మిక్సర్

మా చిన్న రేడియో స్టూడియో మొదలైన రోజు నుంచి ఇప్పటిదాకా ఒకే మిక్సర్ మీద నడిచింది. మైకులు, పాటలు, ఫోను శబ్దాలన్నిటినీ కలిపి ఒక్కటిగా పంపే పెట్టె మిక్సర్. మాది పాటల కచేరీలకు, చిన్న సభలకు వాడే మామూలు రకం. 12 ఛానెళ్లు, వాటిలో నాలుగింటికి మైకు పెట్టుకునే వీలు, ఛానెల్ శబ్దాన్ని విడిగా వేరే చోటికి పంపే ఆక్స్ నాబ్‌లు రెండు, వెనక యూఎస్‌బీ. రోజుకు 8 గంటల చొప్పున లెక్క వేస్తే ఆరేళ్లలో 17 వేల గంటలు దాటింది. రేడియో కోసమే తయారయ్యే మిక్సర్ (దాన్ని కన్సోల్ అంటారు) కొనే స్తోమత అప్పట్లో మాకు లేదు. కొనేముందు మేము పట్టి పట్టి చూసినవి వేరు, కొన్నాక మమ్మల్ని కష్టపెట్టినవి వేరు. అందుకే ఇది రాస్తున్నాను.

కొనేముందు చూసినవి ఛానెళ్ల సంఖ్య, ఎఫెక్టులు, మైకు ప్రీయాంప్ (మైకు సన్నని సిగ్నల్‌ను పెంచే భాగం) చేసే శబ్దం ఎంత తక్కువ అనే అంకె. ఆరేళ్లలో మేము ఏనాడూ ఆరు ఛానెళ్లకు మించి వాడలేదు. మూడు మైకులు, పాటలు వచ్చే కంప్యూటరు, ఫోను, అంతే. ఎఫెక్టుల నాబ్ ఒక్కసారి కూడా ప్రసారంలో తిప్పలేదు. ఇక శబ్దం అంకె సంగతి. ఈ కొలతలో మైకుకు బదులుగా పెట్టే 150 ఓమ్‌ల నిరోధం ఏ యంత్రంతోనూ పని లేకుండా తనంతట తాను పుట్టించే శబ్దమే సుమారు మైనస్ 131 డీబీయూ (సిగ్నల్ స్థాయిని కొలిచే ప్రమాణం) ఉంటుంది. తక్కువ ధర మిక్సర్ల కాగితాల మీద కూడా మైనస్ 127, 128 అని కనబడుతుంది. ఆ మిగిలిన మూడు నాలుగు డెసిబెళ్ల కోసం రెట్టింపు ఖర్చు పెట్టడం దండగ. స్టూడియోలో ఏసీ చేసే చప్పుడు దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అడగాల్సిన ప్రశ్న గెయిన్ ఎంత అని, అంటే మైకు సిగ్నల్‌ను ఎంత పెంచగలదు అని. రేడియో వాళ్లు ఇష్టపడే డైనమిక్ మైకులు చాలా తక్కువ సిగ్నల్ ఇస్తాయి. షూర్ ఎస్ఎం7బీ లాంటి దానికి కనీసం 60 డెసిబెళ్ల గెయిన్ కావాలి. మా మిక్సర్ గెయిన్ సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. నాబ్‌ను చివరిదాకా తిప్పితే ఆఖరి నాలుగో వంతులో బుస్సుమనే శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. మెల్లగా మాట్లాడే అతిథి వచ్చిన రోజున ఆ బుస పాటకూ మాటకూ మధ్య విరామంలో స్పష్టంగా వినబడేది. కొనబోయే మిక్సర్‌కు మీ సొంత మైకునే తగిలించి, గెయిన్ బాగా పెంచి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మౌనంగా ఒక నిమిషం వినండి. కాగితం మీది అంకెల కన్నా ఆ నిమిషం ఎక్కువ చెబుతుంది.

అన్నిటికన్నా పెద్ద పాఠం ఫోను దగ్గర నేర్చుకున్నాం. మొదటి ఫోన్-ఇన్ కార్యక్రమం ఇప్పటికీ గుర్తుంది. లైన్లోకి వచ్చిన పెద్దావిడ రెండు మాటలు మాట్లాడి ఆగిపోయారు. "నా మాట నాకే తిరిగి వినపడుతోంది బాబూ, ఎలా మాట్లాడేది?" అన్నారు. "ఏం ఫరవాలేదమ్మా, మీరు చెప్పండి" అన్నాను. ఆవిడ ఇంకో రెండుసార్లు ప్రయత్నించి ఫోను పెట్టేశారు. ఎంతసేపు ఎదురుచూసి లైను దొరకబుచ్చుకున్నారో ఏమో! తప్పు ఆవిడది కాదు, లైనుది కూడా కాదు. మిక్సర్ ప్రధాన అవుట్‌పుట్‌నే మేము తిరిగి ఫోనులోకి పంపుతున్నాం. అందులో ఆవిడ గొంతు కూడా ఉంది. అది కాస్త ఆలస్యంగా తిరిగి వెళ్లి ఆవిడ చెవిలోనే పడింది.

ఫోన్ చేసిన వారికి తమ గొంతు తప్ప మిగతాదంతా వెళ్లాలి. రేడియోలో దీన్ని మిక్స్ మైనస్ అంటారు. రేడియో కన్సోళ్లలో ఫోను ఛానెల్‌కు ఈ ఏర్పాటు ముందే ఉంటుంది. మామూలు మిక్సర్‌లో దాన్ని ఆక్స్‌తో మనమే చేసుకోవాలి. మైకు ఛానెళ్లలో, కంప్యూటరు ఛానెల్‌లో ఆక్స్ నాబ్ పెంచాలి, ఫోను ఛానెల్‌లో మాత్రం పూర్తిగా సున్నాకు దించాలి, ఆ ఆక్స్ అవుట్‌పుట్‌ను హైబ్రిడ్ (ఫోను లైనును మిక్సర్‌కు కలిపే పెట్టె) ద్వారా ఫోనుకు పంపాలి. ఇంతే. కానీ ఆ ఆక్స్ ప్రీ-ఫేడర్‌గా మారే స్విచ్ ఉందా లేదా అన్నది చూసుకోండి. ఫేడర్ అంటే ఛానెల్ శబ్దాన్ని పెంచే, తగ్గించే జారుడు మీట; ప్రీ-ఫేడర్ అంటే ఆ మీట ఎక్కడున్నా ఆక్స్‌లోకి శబ్దం వెళ్లడం. ప్రీ-ఫేడర్ అయితే పాట నడుస్తుండగా మైకు ఫేడర్ దించి ఉన్నా, వేచి ఉన్న శ్రోతతో "తర్వాత మీరే, సిద్ధంగా ఉండండి" అని చెప్పుకోవచ్చు. ప్రసారంలోకి ఆ మాట వెళ్లదు. అయితే ఫేడర్ దించాం కదా అని మనం ఒకరితో ఒకరం ఏమనుకున్నా ఆ శ్రోత వింటూనే ఉంటారు. మా వ్యాఖ్యాతలకు నేను మొదట చెప్పే జాగ్రత్త ఇదే.

ఇద్దరు శ్రోతలను ఒకేసారి కలపాలంటే రెండు ఆక్స్‌లు కావాలి. మాకు రెండే ఉన్నాయి కాబట్టి అక్కడితో సరి. అందుకే 12 ఛానెళ్లు, ఒక్క ఆక్స్ ఉన్న మిక్సర్ కన్నా 8 ఛానెళ్లు, రెండు ఆక్స్‌లు ఉన్నది రేడియోకు మేలంటాను.

యూఎస్‌బీ విషయంలోనూ ఇదే చిక్కు. ఈ ధరలో ఎక్కువ మిక్సర్లు ప్రధాన మిక్స్‌ను మాత్రమే రెండు ట్రాకులుగా కంప్యూటరుకు పంపుతాయి. రికార్డింగుకు అది చాలు. ఇంటర్నెట్ కాల్ ద్వారా అతిథిని తీసుకొస్తే మాత్రం అతిథి గొంతు ఆ మిక్స్‌లోనే కలిసి తిరిగి ఆయనకే వెళుతుంది. మేము విడిగా చిన్న సౌండ్ కార్డు కొని, ఆక్స్ అవుట్‌పుట్‌ను దానికి కలిపి గట్టెక్కాం. ఆక్స్‌ను యూఎస్‌బీకి పంపే స్విచ్ ఉన్న మిక్సర్ దొరికితే ఆ అదనపు పెట్టె అవసరం లేదు.

మైకు ఫేడర్ ఎత్తగానే గదిలోని స్పీకర్లు వాటంతటవే మూగబోవడం, తలుపు మీద ఎర్రదీపం వెలగడం రేడియో కన్సోల్‌లో ఉంటాయి. మా దాంట్లో లేవు. మొదటి నెలల్లో స్పీకర్ల నాబ్ దించడం మరిచి మైకు తెరిచినప్పుడల్లా చెవులు చిల్లులు పడేలా కూత వచ్చేది. చివరికి స్టూడియో గదిలో స్పీకర్లే తీసేసి, అందరికీ హెడ్‌ఫోన్లు ఇచ్చాం. ఆ తర్వాత ఈ బాధ మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఫేడర్ల సంగతి. మూడో ఏడు దాటాక రెండో ఛానెల్‌లో గరగర మొదలైంది. ఫేడర్ ప్రయాణం అంతటా కాదు, సున్నా గీతకు (శబ్దాన్ని పెంచకుండా, తగ్గించకుండా పంపే చోటు) అటూ ఇటూ ఒక సెంటీమీటరు మేర మాత్రమే. ఆ ఛానెల్ మా ప్రధాన వ్యాఖ్యాతది. ఆమె రోజూ పదుల సార్లు ఫేడర్‌ను అదే గీత దాకా ఎత్తి, అక్కడే కొద్దికొద్దిగా సవరిస్తూ ఉంటారు. మిక్సర్ విప్పి చూస్తే నల్లటి కార్బన్ పట్టీ మీద సరిగ్గా ఆ చోట నున్నగా అరిగి గాడి పడింది. తొందరపడి మామూలు కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను. గరగర రెండు వారాలు తగ్గింది. కానీ లోపలి గ్రీజు కడుక్కుపోయి ఫేడర్ చేతికి బిరుసుగా తగలడం మొదలైంది. ఫేడర్ల కోసమే అమ్మే క్లీనర్ వేరే ఉంటుంది, అదే వాడాలి. చివరికి ఫేడరే మార్చాను. చౌక మిక్సర్‌లో ఛానెళ్లన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి. ఒక్క ఫేడర్ కోసం పైనున్న నాబ్‌లన్నీ, జాక్‌ల చుట్టూ ఉన్న నట్లన్నీ విప్పాల్సి వచ్చింది. ఒక ఆదివారమంతా దానికే సరిపోయింది. అప్పటి నుంచి ఆరునెలలకొకసారి మైకుల ఛానెళ్లు అటూ ఇటూ మారుస్తున్నాను, అరుగుదల ఒక్కచోటే పడకుండా. రాత్రిపూట గుడ్డ కప్పడం మాత్రం మొదటి రోజు నుంచే ఉంది. లోపల దుమ్ము దాదాపు లేదు.

నాలుగో ఏడు ప్రసారం మధ్యలో మిక్సర్ దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. మిక్సర్‌కు ఏమీ కాలేదు, బయటి అడాప్టర్ కాలిపోయింది. మూడు పిన్నులతో రెండు ఏసీ వోల్టేజీలు ఇచ్చే రకం అది, ఎక్కడపడితే అక్కడ దొరకదు. కొత్తది చేతికి రావడానికి పది రోజులు పట్టింది. అన్నాళ్లూ అరువు తెచ్చిన మిక్సర్‌తో నెట్టుకొచ్చాం. పవర్ సప్లై లోపలే ఉండి, మామూలు మెయిన్స్ కేబుల్‌తో నడిచే మిక్సర్ దొరికితే నేను దానికే మొగ్గుతాను. అడాప్టర్‌ది కొంటే అదే రోజున రెండో అడాప్టర్ కూడా కొనండి.

గత నెల రెండో స్టూడియోకు మిక్సర్ కొన్నాం, మళ్లీ తక్కువ ధరలోదే. 8 ఛానెళ్లు, ప్రీ-ఫేడర్‌గా మారే రెండు ఆక్స్‌లు, లోపలే పవర్ సప్లై. 100 మిల్లీమీటర్ల ఫేడర్లు కావాలనుకున్నాను కానీ మా బడ్జెట్‌లో 60 మిల్లీమీటర్లవే వచ్చాయి. పాతది ఇంకా రోజూ ప్రసారంలోనే ఉంది. ఈ మధ్య దాని మూడో ఛానెల్‌లో కూడా గరగర మొదలైంది. ఫేడర్ తెప్పించి సొరుగులో పెట్టాను, వచ్చే ఆదివారం విప్పుతాను.