పెరోవ్‌స్కైట్ పొరలకు సబ్‌స్ట్రేట్ పెట్టె: ఏ పలక దేనికి పనికొస్తుంది?

ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ల్యాబు నడుపుతూ ఎల్‌ఎస్‌ఎంఓ, అంటే లాంథనమ్ స్ట్రాన్షియం మాంగనైట్ అనే పెరోవ్‌స్కైట్ (ఒక తరహా స్ఫటిక నిర్మాణమున్న ఆక్సైడ్) పొరలు వేసేవారికి ఈ సమీక్ష. పెట్టెలో పొర వేయడానికి ఆధారమయ్యే స్ఫటిక పలకలు, అంటే సబ్‌స్ట్రేట్‌లుంటాయి: ఎస్‌టీఓ (స్ట్రాన్షియం టైటనేట్), ఎల్‌ఎస్‌ఏటీ (లాంథనమ్, స్ట్రాన్షియం, అల్యూమినియం, టాంటలమ్‌ల ఆక్సైడ్), ఎల్‌ఏఓ (లాంథనమ్ అల్యూమినేట్), డీఎస్‌ఓ (డిస్ప్రోసియం స్కాండేట్). అన్నీ 5×5×0.5 మి.మీ., ఒకవైపే పాలిష్. స్ఫటికంలో ఏ ముఖం పైకి ఉందో చెప్పే అంకె డీఎస్‌ఓ మీద (110) అని ఉంటే కంగారు పడొద్దు, ఆర్థోరాంబిక్ లెక్కలో (110) అనేది సూడోక్యూబిక్ (దాదాపు ఘనం అనుకునే) లెక్కలో మనకు కావలసిన (001) ముఖమే.

ఎల్‌ఎస్‌ఎంఓ లాటిస్, అంటే స్ఫటికంలో పదేపదే వచ్చే గడి కొలత, సుమారు 3.88 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఎస్‌టీఓ 3.905 కాబట్టి పొరను 0.7 శాతం దాకా లాగుతుంది, అయస్కాంతత్వం పొర తలంలోనే పడుకుంటుంది. ఎల్‌ఏఓ 3.79, రెండు శాతానికి పైగా నొక్కుతుంది. అప్పుడు మాంగనీస్ ఎలక్ట్రాన్ నిలువు ఆర్బిటాల్‌కే (ఎలక్ట్రాన్ ఉండే చోటుకే) మొగ్గుతుంది, అయస్కాంతత్వం నిలువుగా లేస్తుంది, మరీ పలచని పొరైతే ఇన్సులేటర్‌గానూ మారుతుంది. ఎల్‌ఎస్‌ఏటీ 3.868, దాదాపు ఒత్తిడి లేనట్టే. పోలిక కోసం అది తప్పనిసరి.

అసలు చిక్కు లాటిస్ అంకెల్లో లేదు. పలక తనతో తెచ్చే దొంగ సిగ్నల్‌లో ఉంది. ఎల్‌ఏఓ సుమారు 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిర్మాణం మార్చుకుంటుంది, చల్లారేటప్పుడు ట్విన్‌లు (స్ఫటికం వేర్వేరు దిశలకు తిరిగిన పట్టీలు) పడతాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే చారలు కళ్లకే కనిపిస్తాయి. ఎస్‌టీఓని తక్కువ ఆక్సిజన్‌లో బాగా వేడిచేస్తే ఆక్సిజన్ ఖాళీలు ఏర్పడి పలకే కరెంటు మోస్తుంది, పొర రెసిస్టివిటీ అనుకుని కొలిచేది పలకదవుతుంది. పొర వేశాక ఆక్సిజన్ నింపి నెమ్మదిగా చల్లార్చాలి. ఖాళీ పలకనొకదాన్ని పక్కనే పెట్టి అదే వేడి చూపించి కొలిస్తే గుట్టు తెలిసిపోతుంది.

ఇక స్టీలు పట్టకారు. దాన్నుంచి పలక అంచుకు అంటుకునే ఇనుప రజను చాలు, స్క్విడ్‌లో (అతి సూక్ష్మ అయస్కాంతత్వాన్ని కొలిచే పరికరం) గది ఉష్ణోగ్రత ఫెర్రో లూప్, అంటే ఫెర్రో అయస్కాంతం చూపే వలయం, వచ్చేస్తుంది. ప్లాస్టిక్‌దో టైటానియంతో చేసిందో వాడాలి.

ఎస్‌టీఓ ఉపరితలం మీద పరమాణు మెట్లు చక్కగా రావాలంటే బఫర్డ్ హెచ్‌ఎఫ్‌లో (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం) అర నిమిషం, ఆపై ఆక్సిజన్‌లో 950 డిగ్రీల దగ్గర గంట. ఆ ఆమ్లపు కాలిన గాయాలకు వాడే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా లేకపోతే హెచ్‌ఎఫ్ సీసా మూత తీయనే వద్దు. మిస్‌కట్, అంటే కోసిన ముఖం అసలు స్ఫటిక తలం నుంచి వంగిన కోణం, 0.1 డిగ్రీ అయితే మెట్టు వెడల్పు 220 నానోమీటర్లు, 0.5 అయితే 45కి పడిపోతుంది. ఆర్డరులో మిస్‌కట్ రాయించుకోండి.

పొర మందమైతే పట్టు సడలుతుంది. ఎక్స్‌-రేలతో గీసే (103) రెసిప్రొకల్ మ్యాప్‌లో పొర చుక్క, పలక చుక్క ఒకే క్యూఎక్స్ (తలం దిశ లాటిస్‌ను చూపే అక్షం) మీద లేకపోతే స్ట్రెయిన్ (పలక వల్ల పొరకు వచ్చే సాగుదల లేదా నొక్కు) గురించి రాయకండి. ఎల్‌ఏఓ మీద ఈ సడలింపు ముందే మొదలవుతుంది.

సముద్రపు గాలి తగిలే చోట్ల వానాకాలంలో తేమ పీల్చే సిలికాజెల్ నీలం పోయి గులాబీ రంగుకొస్తే మార్చేయాలి.

డీఎస్‌ఓ గొప్పతనం వేరు. 2004లో ఎస్‌టీఓ పొరను దానిమీద లాగి గది ఉష్ణోగ్రతలోనే ఫెర్రోఎలక్ట్రిక్ చేశారు. కానీ డిస్ప్రోసియం బలమైన పారామాగ్నెట్, పలచని పొర అయస్కాంత సిగ్నల్‌ను మింగేస్తుంది. మాంగనైట్ పని మాత్రమే అయితే పెట్టెలో డీఎస్‌ఓ లేకుండా ఇమ్మని అడగండి. స్కాండేట్ ఖరీదెక్కువ, ఆ డబ్బుకి ఎస్‌టీఓ పలకలు ఇంకొన్ని వస్తాయి.